వార్తా గద్యభాగాలపై తార్కిక ప్రశ్నలు: అనంతపురం కరువు వార్తల ఆధారంగా ఒక విమర్శనాత్మక పరిశీలన

విషయక్రమం

1.0 ఉద్దేశాలు
1.1 పరిచయం
1.2 ప్రశ్న స్వరూపం
1.3 మొదటి గద్యభాగం: ‘రెండో అత్యల్ప వర్షపాతం’
1.4 రెండో గద్యభాగం: సగటు చెప్పేది, దాచేది
1.5 మూడో గద్యభాగం: ముందు జరిగినదే కారణమా?
1.6 తెలుగు వాక్యంలో తర్కం
1.7 ఈ ప్రశ్నా పద్ధతి: బలం, లోపం
1.8 సారాంశం
1.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి
1.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

• వార్తా గద్యభాగంలోని ఆధార వాక్యాలను, నిర్ధారణను, పైకి చెప్పని ఊహను విడదీయగలుగుతారు.
• మొత్తానికి వర్తించే మాటను భాగానికి అంటగట్టడం, ముందు జరిగినదాన్ని కారణంగా చూపడం వంటి హేత్వాభాసాలను గుర్తించగలుగుతారు.
• ‘గద్యభాగం ప్రకారం సరైన జవాబు’కూ ‘నిజమైన మాట’కూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ఈ ప్రశ్నా పద్ధతి బలాన్నీ లోపాన్నీ విమర్శనాత్మకంగా చర్చించగలుగుతారు.

1.1 పరిచయం

వర్తమాన వ్యవహారాల మీద ఒక గద్యభాగం ఇచ్చి, దాని ఆధారంగా తార్కిక ప్రశ్నలు అడగడం ఇప్పుడు పోటీ పరీక్షల్లో మామూలైంది. సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్షలో 2011 నుంచి రెండో పేపరులో గద్యావగాహన, తార్కిక వివేచన ఉన్నాయి. 2015 నుంచి ఆ పేపరులో 33 శాతం మార్కులు తెచ్చుకుంటే అర్హత లభిస్తుంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి జరిగే క్లాట్ పరీక్ష 2020 నుంచి గద్యభాగాల చుట్టూనే తిరుగుతోంది. మన రాష్ట్రాల గ్రూప్స్ పరీక్షల్లో ప్రకటన–ఊహ, ప్రకటన–నిర్ధారణ ప్రశ్నలు మీరు చూసే ఉంటారు.

ఈ ప్రశ్నలను సాధన చేసే పుస్తకాలు బజారులో చాలా ఉన్నాయి. ఏ ఆప్షన్ ఎందుకు సరైనదో అవి చెబుతాయి. ఈ రకం ప్రశ్న మన ఆలోచనకు ఏం నేర్పుతుంది, ఏం నేర్పదు అన్న విచారణ మాత్రం వాటిలో తక్కువ. ఈ పాఠం ఆ విచారణ చేస్తుంది. ఉదాహరణలన్నీ అనంతపురం కరువు వార్తల నుంచి తీసుకున్నాం. దానికి ఒక కారణం ఉంది. కరువు మండలాల జాబితాలో ఒక పేరు ఉండటం, లేకపోవడం మీద పెట్టుబడి రాయితీ, పంట రుణాల వాయిదా వంటివి ఆధారపడతాయి. అక్కడ ఒక తప్పు నిర్ధారణ వల్ల పోయేది పరీక్షలో ఒక మార్కు కాదు, ఒక ఊరి రైతులకు ఆ ఏటి ఆసరా.

గమనిక: ఈ పాఠంలోని గద్యభాగాలు పాఠం కోసం రాసినవి. ఏ పత్రిక నుంచీ తీసుకున్నవి కావు. అయితే ఇలాంటి వాక్యాలు పత్రికల్లో, ప్రసంగాల్లో, నివేదికల్లో మీకు తరచుగా ఎదురవుతాయి.

1.2 ప్రశ్న స్వరూపం

ఏ వాదనలోనైనా మూడు అంశాలు వెతకాలి. మొదటిది ఆధార వాక్యం: రచయిత మనం ఒప్పుకున్నట్టే భావించి చెప్పే మాట. రెండోది నిర్ధారణ: ఆ ఆధారం మీద మనచేత ఒప్పించదలచుకున్న మాట. ‘కాబట్టి’, ‘అందువల్ల’, ‘దీన్నిబట్టి’ అన్న పదాల తరవాత అది కనిపిస్తుంది. ఒక్కోసారి నిర్ధారణే ముందు వచ్చి, ‘ఎందుకంటే’ తరవాత ఆధారం వస్తుంది. మూడోది అంతర్లీన ఊహ: ఆధారానికీ నిర్ధారణకూ మధ్య ఉండి కూడా కాగితం మీదికి రాని మాట.

ఊహను పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆప్షన్‌లోని వాక్యాన్ని తిరగేసి చదవండి. తిరగేసినప్పుడు వాదన కూలిపోతే అది అవసరమైన ఊహ. వాదన నిలబడే ఉంటే ఆ ఆప్షన్ నిజమే అయినా జవాబు కాదు. దీన్ని మొదటి గద్యభాగం మీద ప్రయోగిద్దాం.

1.3 మొదటి గద్యభాగం: ‘రెండో అత్యల్ప వర్షపాతం’

గద్యభాగం:
“దేశంలో జైసల్మేర్ తరవాత అతి తక్కువ వర్షపాతం నమోదయ్యే జిల్లా అనంతపురం. ఇక్కడ ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురుస్తుంది. ప్రధాన పంట అయిన వేరుశనగ చాలా వరకు వర్షాధారం. కాబట్టి అనంతపురం కరువుకు కారణం వర్షం తక్కువగా పడటమే.”

ప్రశ్న: ఈ వాదన నిలబడటానికి కింది వాటిలో ఏ ఊహ అవసరం?
(అ) జైసల్మేర్‌లో వేరుశనగ పండించరు.
(ఆ) వర్షం మొత్తం కాకుండా, కరువును నిర్ణయించే ముఖ్యమైన అంశం మరొకటి లేదు.
(ఇ) నీటిపారుదల ఉన్న పొలాల్లో వేరుశనగ దిగుబడి ఎక్కువ.
(ఈ) అనంతపురం రైతులు వేరే పంటలు వేయడానికి ఇష్టపడరు.

చర్చ: నిర్ధారణలోని ‘తక్కువగా పడటమే’ అన్న మాట దగ్గర ఆగండి. ఆ చివరి ‘ఏ’ మిగిలిన కారణాలన్నిటినీ బయటికి నెట్టేసింది. (ఆ)ను తిరగేసి చూడండి: ‘కరువును నిర్ణయించే ముఖ్యమైన అంశాలు ఇంకా ఉన్నాయి.’ అప్పుడు వాదన నిలబడదు. కాబట్టి జవాబు (ఆ). (ఇ) నిజమే కావచ్చు. కానీ దాన్ని తిరగేసినా వాదనకు దెబ్బ తగలదు.

సాధన పుస్తకం ఇక్కడితో ఆగుతుంది. మనం ఇంకో అడుగు వేద్దాం. మొదటి వాక్యం నిజమేనా? జైసల్మేర్, బార్మేర్, బికనీర్ జిల్లాల్లో సగటు వార్షిక వర్షపాతం 300 మి.మీ. లోపే. లద్దాఖ్‌లోని లేహ్‌లో అంతకన్నా తక్కువ. 550 మి.మీ. ఉన్న జిల్లా వీటన్నిటినీ దాటి దేశంలో రెండో స్థానానికి ఎలా వస్తుంది? గద్యభాగంలోని రెండో వాక్యమే మొదటి వాక్యాన్ని అనుమానించమని చెబుతోంది. ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో అనంతపురానిది అత్యల్ప వర్షపాతం అంటే సరిపోతుంది. ‘దేశంలో రెండోది’ అన్న మాట ఒకరి నుంచి ఒకరికి చేరి, ఆధారం అడిగేవారు లేక స్థిరపడిపోయింది.

దీనివల్ల నష్టమేమిటని మీరు అడగవచ్చు. కరువున్న మాట నిజమే కదా? నిజమే. కానీ కరువుకు తప్పు కారణం చెబితే మందు కూడా తప్పుతుంది. అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. తూర్పు తీరానికీ దూరమే. అందువల్ల నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఇక్కడికి బలహీనపడి చేరతాయి. పడే వర్షం సెప్టెంబరు, అక్టోబరు నెలల వైపు ఒరిగి ఉంటుంది. మనం బుడ్డలనీ శనక్కాయలనీ పిలుచుకునే వేరుశనగను మాత్రం జూన్ చివర, జూలైలో విత్తుతాం. పైరు పూతకొచ్చి ఊడలు దిగే రోజుల్లో వాన లేకపోతే, తరవాత ఎంత కురిసినా పోయిన కాయ తిరిగి రాదు. ఎర్రనేలల లోతు తక్కువ కాబట్టి పదును ఎక్కువ రోజులు నిలవదు. పైగా లక్షల ఎకరాల్లో ఒకే పంట వేయడం వల్ల, ఆ ఒక్క పంటకు ఎదురుదెబ్బ తగిలితే జిల్లా అంతటికీ తగులుతుంది. వర్షం మొత్తం, వర్షం సమయం, నేల లోతు, పంటల ఎంపిక అనే నాలుగు అంశాల్లో గద్యభాగం ఒక్కదాన్నే చూపించింది. (ఆ) అన్న జవాబు ఆ ఖాళీని పట్టుకుంది. దాన్ని దేనితో పూరించాలో మాత్రం పరీక్ష అడగదు.

1.4 రెండో గద్యభాగం: సగటు చెప్పేది, దాచేది

గద్యభాగం:
“ఈ నెలలో జిల్లా వర్షపాతం సాధారణం కంటే 4 శాతం మాత్రమే తక్కువ. వాతావరణ శాఖ లెక్కల్లో 19 శాతం వరకు హెచ్చుతగ్గులను సాధారణ వర్షపాతంగానే పరిగణిస్తారు. కాబట్టి జిల్లాలో ఏ మండలంలోనూ కరువు పరిస్థితి లేదు.”

ప్రశ్న: ఈ వాదనలోని దోషం ఏది?
(అ) సాధారణ వర్షపాతాన్ని తప్పుగా నిర్వచించింది.
(ఆ) మొత్తానికి వర్తించే విషయాన్ని ప్రతి భాగానికీ వర్తింపజేసింది.
(ఇ) కొద్దిమంది అనుభవం నుంచి అందరికీ వర్తించే సూత్రం తీసింది.
(ఈ) కారణాన్ని ఫలితంగా పొరబడింది.

చర్చ: వాతావరణ శాఖ నిర్వచనాన్ని గద్యభాగం సరిగానే చెప్పింది కాబట్టి (అ) పోతుంది. దోషం ‘జిల్లా’ నుంచి ‘ఏ మండలంలోనూ’ అన్న మాటకు దూకడంలో ఉంది. జవాబు (ఆ).

ఒక ఊహాజనిత లెక్కతో దీన్ని సరిచూద్దాం. జిల్లాలో నాలుగే మండలాలు, సమాన విస్తీర్ణంతో ఉన్నాయనుకోండి. ప్రతి మండలంలో ఆ నెల సాధారణ వర్షపాతం 100 మి.మీ. కురిసింది మాత్రం ఇలా ఉంది:

మొదటి మండలం: 150 మి.మీ.
రెండో మండలం: 130 మి.మీ.
మూడో మండలం: 60 మి.మీ.
నాలుగో మండలం: 44 మి.మీ.

మొత్తం 384, సగటు 96. అంటే సాధారణం కంటే 4 శాతమే తక్కువ. గద్యభాగంలోని అంకె అక్షరాలా నిజం. అయినా మూడో మండలంలో 40 శాతం, నాలుగో మండలంలో 56 శాతం లోటు ఉంది. లోటు 20 నుంచి 59 శాతం దాకా ఉంటే అది వాతావరణ శాఖ పరిభాషలో ‘లోటు వర్షపాతం’. మొదటి మండలంలో ఎక్కువగా పడిన వాన నాలుగో మండలం పొలాన్ని తడపదు. అది తడిపేది సగటును మాత్రమే.

ఇప్పుడు ఒకే మండలాన్ని తీసుకుని కాలాన్ని విడదీద్దాం. వారానికి 25 మి.మీ. చొప్పున నాలుగు వారాలకు 100 సాధారణం అనుకోండి. మొదటి వారంలో 96, తరవాతి మూడు వారాల్లో వరసగా 0, 2, 0 కురిసింది. నెల మొత్తం 98. సగటు చూసేవారికి ఇది దాదాపు సంపూర్ణ వర్షం. పైరుకు మాత్రం ఇది మూడు వారాల ఎండు. కేంద్ర ప్రభుత్వ 2016 కరువు నిర్వహణ మార్గదర్శిక దీన్ని గుర్తించింది. వరసగా 3 లేదా 4 వారాలపాటు ప్రతి వారం సాధారణంలో సగం కన్నా తక్కువ కురిస్తే దాన్ని పొడి వాతావరణ కాలంగా, వర్షపాతపు లోటుతో పాటు ఒక ముఖ్య సూచికగా లెక్కిస్తుంది. తేలిక నేలల్లో 3 వారాలను కూడా పరిగణించవచ్చు. ఆ తరవాత విత్తిన విస్తీర్ణం, నేలలో తేమ, పైరు పచ్చదనం, జలాశయాల్లో, భూగర్భంలో నీరు వంటి ప్రభావ సూచికలను చూసి, చివరికి పొలాల్లో దిగి పరిశీలించాలి. అంటే ఒక్క అంకె నుంచి నిర్ధారణకు దూకవద్దన్న తర్కపాఠమే అక్కడ పాలనా నియమంగా కనిపిస్తుంది.

దీనికి ఎదురుదిక్కున ఉన్న దోషాన్నీ గుర్తుంచుకోండి. ‘మా పొలం ఎండింది కాబట్టి జిల్లా అంతా కరువే’ అంటే అది భాగం నుంచి మొత్తానికి దూకడం. మనకు బాధ కలిగించిన విషయం కాబట్టి తర్కం మన పక్షాన ఉంటుందని అనుకోకూడదు. ‘మా మండలం లెక్క విడిగా చూపండి’ అని అడగడం దోషం లేని వాదన. ఆ అభ్యర్థనే కార్యాలయంలో నిలబడుతుంది.

1.5 మూడో గద్యభాగం: ముందు జరిగినదే కారణమా?

గద్యభాగం:
“శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని ఎత్తిపోసే హంద్రీ–నీవా తొలి దశ పంపులు 2012లో నడిచాయి. 2019లో పెనుకొండ దగ్గర ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కియా కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. దానికి నీరు హంద్రీ–నీవా కింది గొల్లపల్లి జలాశయం నుంచే అందుతోంది. కాబట్టి నీటి రాకతో అనంతపురం కరువు నుంచి బయటపడింది.”

ప్రశ్న: కింది వాటిలో ఏది నిజమైతే ఈ వాదన ఎక్కువగా బలహీనపడుతుంది?
(అ) కర్మాగారంలో పనిచేసేవారిలో కొందరు ఇతర జిల్లాలవారు.
(ఆ) జిల్లా సాగుభూమిలో ఎక్కువ భాగానికి కాలువ నీరు అందక, వర్షాధారంగానే ఉంది.
(ఇ) కార్ల తయారీకి నీరు అవసరం.
(ఈ) శ్రీశైలం జలాశయం జిల్లా బయట ఉంది.

చర్చ: ఆధార వాక్యాలు మూడూ వాస్తవాలే. నిర్ధారణలో ‘అనంతపురం’ అన్న పదం జిల్లా అంతటినీ కప్పేసింది. కర్మాగారానికి నీరు అందిందన్న మాట, పొలానికి నీరు అందిందన్న మాట రెండు వేర్వేరు వాక్యాలు. మొదటిదాని నుంచి రెండోది రాదు. జవాబు (ఆ). (అ), (ఈ) ఆసక్తికరమైన వివరాలే కానీ కరువు అన్న నిర్ధారణను తాకవు. (ఇ) గద్యభాగానికి అనుకూలమే.

ఇక్కడ కూడా ఒక చిన్న లెక్క చేసి చూడండి. హంద్రీ–నీవాను 40 టి.ఎం.సి.ల నీటితో, నాలుగు పాత జిల్లాల్లో 6.025 లక్షల ఎకరాలకు నీరిచ్చేలా రూపొందించారు. పాత అనంతపురం జిల్లా భౌగోళిక విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 47 లక్షల ఎకరాలు. నాలుగు జిల్లాల ఆయకట్టునూ ఈ ఒక్క జిల్లాకే ఇచ్చేశారనుకున్నా, అది ఈ విస్తీర్ణంలో దాదాపు ఎనిమిదో వంతే అవుతుంది. విస్తీర్ణంలో కొండలు, ఊళ్లు, బీళ్లు కూడా ఉంటాయి కాబట్టి ఇది సాగుభూమి లెక్క కాదు. అయినా ‘కరువు నుంచి బయటపడింది’ అన్న మాట ఎంత పెద్దదో చూపడానికి ఇది చాలు.

ఈ విమర్శను ప్రాజెక్టు మీద విమర్శగా పొరబడకండి. నీరు వచ్చిన చోట మార్పు వచ్చి ఉండవచ్చు. ‘కొన్ని ప్రాంతాలకు నీటి భద్రత పెరిగింది’ అని రాసి ఉంటే మనం అభ్యంతరం చెప్పేవాళ్లం కాదు. ఆధారం మోయగలిగినంత నిర్ధారణే చేయమని తర్కం అడుగుతుంది.

1.6 తెలుగు వాక్యంలో తర్కం

క్లాట్ ప్రశ్నపత్రం ఇంగ్లిషులోనే ఉంటుంది. సివిల్స్ ప్రాథమిక పరీక్ష గద్యభాగాలు ఇంగ్లిషు, హిందీల్లో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివిన మీరు ఆ వాక్యాలను మనసులో తెలుగు చేసుకునే చదువుతారు. కాబట్టి తెలుగులో తర్కాన్ని మోసే పదాలు ఏవో, అవి ఎక్కడ జారిపోతాయో తెలుసుకోవాలి.

‘అన్ని మండలాల్లో వర్షం పడలేదు’ అన్న వాక్యం చూడండి. దీనికి రెండు అర్థాలున్నాయి. ఒకటి: ఏ మండలంలోనూ పడలేదు. రెండు: పడింది కానీ అన్నిట్లో పడలేదు. మాట్లాడేటప్పుడు గొంతు తేడా చెబుతుంది. కాగితం మీద ఆ తేడా పోతుంది. ఇలాంటి వాక్యం ఎదురైతే ముందుగా రెండు అర్థాలనూ విడివిడిగా రాసుకుని, పక్క వాక్యాలకు ఏది పొసుగుతుందో చూడండి.

‘ఏ’, ‘మాత్రమే’, ‘కూడా’, ‘తప్ప’ అన్నవి చిన్న మాటలే కానీ వాదన మొత్తాన్ని మార్చగలవు. ‘వర్షలోటు కరువుకు కారణం’ అంటే ఇతర కారణాలకు చోటుంది. ‘వర్షలోటే కరువుకు కారణం’ అంటే చోటు లేదు. ‘నీళ్లొస్తే తప్ప పంట పండదు’ అంటే నీరు అవసరమని మాత్రమే అర్థం. నీరొస్తే చాలు, పంట పండి తీరుతుందని ఆ వాక్యం చెప్పడం లేదు. అవసరమైన షరతును సరిపోయే షరతుగా పొరబడటం ఈ ప్రశ్నల్లో తరచుగా ఉచ్చుగా వస్తుంది.

1.7 ఈ ప్రశ్నా పద్ధతి: బలం, లోపం

ఈ పద్ధతిలో ఉన్న మేలును ముందు ఒప్పుకోవాలి. గద్యభాగంలో లేనిదాన్ని జవాబులోకి తేవద్దని అది కట్టుదిట్టంగా చెబుతుంది. కరువు గురించి పుస్తకంలో చదివినవాళ్లకంటే కరువులో బతికినవాళ్లకు ఈ నియమం కష్టం. మనకు తెలిసిన విషయం గద్యభాగంలో ఉన్నట్టే అనిపించి, దానికి దగ్గరగా ఉన్న ఆప్షన్‌ను గుర్తిస్తాం. ఎదుటివాడు అన్నదేమిటో, మనం అనుకున్నదేమిటో వేరు చేయడం పరీక్ష హాలుకే కాదు, గ్రామసభకూ అవసరమైన నేర్పు.

లోపాలు రెండు. మొదటిది, ఆధార వాక్యం నిజమా కాదా అని ఈ ప్రశ్న ఎప్పుడూ అడగదు. 1.3లో చూసినట్టు, తప్పు అంకె మీద కట్టిన వాదనలోనూ ‘సరైన జవాబు’ ఉంటుంది. పదేపదే సాధన చేసిన విద్యార్థికి అచ్చయిన మొదటి వాక్యాన్ని నమ్మడం అలవాటైపోతుంది. తర్కం నేర్పే పద్ధతే ప్రశ్నించే అలవాటును మాన్పిస్తే అది చిన్న లోపం కాదు.

రెండోది, గద్యభాగానికి కాలం ఉండదు. వర్తమాన వ్యవహారం రేపటికి గతమవుతుంది. 2022 ఏప్రిల్ 4న పాత అనంతపురం జిల్లా రెండైంది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. మూడో గద్యభాగంలోని పెనుకొండ ఇప్పుడు ఆ కొత్త జిల్లాలో ఉంది. ‘అనంతపురం జిల్లా’ అన్న ఒకే పేరు ఆ తేదీకి ముందు ఒక భూభాగాన్ని, తరవాత మరొక భూభాగాన్ని సూచిస్తుంది. తేదీ లేని గద్యభాగంలో ఈ తేడా కనిపించదు.

అందువల్ల సాధనలో రెండు దశలు పాటించండి. మొదటి దశలో గద్యభాగం గీసిన గీత దాటకుండా జవాబు గుర్తించండి. పరీక్షలో మార్కు దానికే వస్తుంది. రెండో దశలో, పుస్తకం మూసే ముందు, నోటుపుస్తకంలో మూడు ప్రశ్నలు రాసుకోండి: ఈ అంకె ఎవరు లెక్కించారు? ఏ ప్రాంతానికి, ఏ కాలానికి? లెక్కలోకి రానిది ఏది? గద్యభాగానికి అయిదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ అయిదు నిమిషాలే పరీక్షార్థిని పాఠకుడిగా మారుస్తాయి.

1.8 సారాంశం

వార్తా గద్యభాగంలో ఆధారం, నిర్ధారణ, ఊహ అన్న మూడింటినీ విడదీయడం తార్కిక వివేచనకు తొలి మెట్టు. తిరగేసి చదవడం ద్వారా అవసరమైన ఊహను కనిపెట్టవచ్చు. సగటు నిజమైనా దాని నుంచి ప్రతి భాగం గురించీ నిర్ధారణ చేయలేం. ఒకదాని తరవాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. ఒక చోట కనిపించిన ఫలితం జిల్లా అంతటికీ వర్తించదు. ఈ ప్రశ్నా పద్ధతి నియమబద్ధమైన చదువును నేర్పుతుంది. ఆధార వాక్యపు నిజానిజాలను, కాలాన్ని మాత్రం విస్మరిస్తుంది. ఆ వెలితిని పూరించే బాధ్యత పాఠకుడిదే.

1.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి

గమనిక: జవాబులు ముందుగా మీరు రాసుకుని, తరవాత కింద ఇచ్చిన వాటితో సరిచూసుకోండి.

1. ‘అన్ని చెరువులూ నిండలేదు’ అన్న వాక్యాన్ని రెండు స్పష్టమైన అర్థాలు వచ్చేలా రెండు వాక్యాలుగా రాయండి.

2. “జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైంది. చట్టం ప్రతి గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనికి హామీ ఇచ్చింది. కాబట్టి ఆ జిల్లాలో ప్రతి కుటుంబమూ ఏడాదికి 100 రోజులు పనిచేసింది.” ఈ వాదనలో దోషమేమిటి?

3. “అనంతపురం జిల్లాలో 2021 నాటి వేరుశనగ విస్తీర్ణంతో పోలిస్తే 2023 నాటి అంకె చాలా చిన్నది. కాబట్టి రైతులు వేరుశనగ మానేస్తున్నారు.” ఈ నిర్ధారణను ఒప్పుకునే ముందు మీరు అడగాల్సిన ప్రశ్న ఏది?

జవాబులు:
1. (క) ఒక్క చెరువూ నిండలేదు. (గ) కొన్ని చెరువులు నిండాయి, కొన్ని నిండలేదు.
2. హక్కు ఉండటానికీ అది అమలు కావడానికీ తేడా ఉంది. ‘హామీ ఇచ్చింది’ అన్న మాట నుంచి ‘పనిచేసింది’ అన్న నిర్ధారణ రాదు. పని అడిగినవారెందరు, పని దొరికినవారెందరు, ఎన్ని రోజులు దొరికింది అన్న లెక్కలు కావాలి.
3. రెండు అంకెలూ ఒకే భూభాగానివేనా? 2022లో జిల్లా విడిపోయింది కాబట్టి పాత జిల్లా అంకెతో పోల్చాలంటే అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల అంకెలను కలపాలి.

1.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. వర్తమాన వ్యవహారాల గద్యభాగాలపై తార్కిక ప్రశ్నల పద్ధతిలోని బలాన్ని, లోపాలను ఉదాహరణలతో చర్చించండి.
2. ‘సగటు నిజం కావచ్చు, దాని నుంచి తీసిన నిర్ధారణ తప్పు కావచ్చు.’ కరువు మండలాల ప్రకటనను దృష్టిలో పెట్టుకుని వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అంతర్లీన ఊహను గుర్తించే పద్ధతిని తెలపండి.
2. అవసరమైన షరతుకు, సరిపోయే షరతుకు తేడా రాయండి.
3. ఈ వారం మీరు చదివిన దినపత్రిక నుంచి మీ జిల్లాకు సంబంధించిన ఒక వార్త ఎంచుకుని, అందులోని ఆధార వాక్యాలను, నిర్ధారణను వేరు చేసి రాయండి. నిర్ధారణ ఆధారం కన్నా పెద్దదిగా ఉంటే, ఆధారం మోయగలిగినంతకు కుదించి తిరగరాయండి.